మిద్దె మీది ఎండ, గదిలోని ఉడుకునీళ్ళు

శీతకాలమున స్నానమునకు వేడి నీరు కావలెననుట సుకుమారుల కోరిక అని భావించువారు మనలో ఇప్పటికిని కలరు. ఆ భావము సరికాదని చూపుట, ఆ వేడి నీటిని మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు సామాన్య గృహములకు సూర్యరశ్మి ద్వారా సమకూర్చు మార్గమేదో చర్చించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము. మన ప్రాంతమున వేడి నీటిని ఉడుకునీళ్ళు అనుట వాడుక. విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును పరిచయమైన ఆ మాటనే మేమును వాడుచున్నాము.

మన ప్రాంతపు రూపురేఖలు అరవై సంవత్సరములలో పూర్తిగా మారిపోయినవి. 1960లలో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ స్థాపించబడినది. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు ఒకదాని వెంట ఒకటి పెరిగినవి. 2016 అక్టోబరులో మెదక్ జిల్లా నుండి సంగారెడ్డి జిల్లా వేరుపడినది. ఈ కర్మాగారములలో పనిచేయుటకు చుట్టుపట్ల పల్లెల నుండియే గాక ఒడిశా, బీహారు, ఝార్ఖండ్, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రముల నుండియు కార్మికులు వచ్చి ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం, బొల్లారం వంటి చోట్ల అద్దె గదులలో నివసించుచున్నారు. వరుసగా కట్టిన చిన్న గదులు, ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు మనుషులు, నాలుగైదు గదులకు ఒక స్నానాల గది: ఈ దృశ్యము మనకు కొత్తది కాదు.

ఈ గదులలో స్నానమునకు వేళ లేదు. ఉదయము ఆరు గంటల షిఫ్టుకు పోవువాడు అయిదు గంటలకే స్నానము ముగించవలెను. రాత్రి షిఫ్టు నుండి తిరిగి వచ్చువాడు ఒంటికి అంటిన నూనెను, గ్రీజును, దుమ్మును కడుగుకొనక పడుకొనలేడు. గోరువెచ్చని నీరు, సబ్బు ఉన్నగాని ఆ జిడ్డు సులభముగా వదలదు. ఇక ఇంటిలో పసిబిడ్డలు, బాలింతలు, ఆయాసముతోను కీళ్ళ నొప్పులతోను బాధపడు వృద్ధులు ఉందురు. ఫజర్ నమాజునకు ముందు వజూ చేయు పెద్దలు ఉందురు. సముద్రమట్టమునకు అయిదు వందల మీటర్లకు పైని ఎత్తున ఉన్న మన పీఠభూమిలో పుష్యమాసపు తెల్లవారుజాము చలి తక్కువది కాదు. మన జిల్లాలోని కోహీర్ ప్రాంతమున ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడుట శీతకాలమున తరచుగా వినవచ్చు వార్తయే. కాబట్టి ఉడుకునీళ్ళు విలాస వస్తువు కాదు. అది ఆరోగ్యమునకు సంబంధించిన అవసరము.

మరి ఈ అవసరమును ఇప్పుడు తీర్చుకొనుచున్న తీరు ఎట్టిది? స్థోమత కలవారికి గీజరు ఉన్నది. పల్లెలలో కట్టెల పొయ్యి మీద కాగు ఎక్కించుట ఇంకను ఉన్నది. అద్దె గదులలో మాత్రము బకెట్టు నీటిలో ముంచు హీటరు రాడ్డే రాజ్యమేలుచున్నది. దాని వెల స్వల్పము. దాని ప్రమాదము స్వల్పము కాదు. ఎర్తింగు లేని పాత వైరింగు, తడి నేల, ప్లగ్గు తీయకుండ నీరు వెచ్చబడినదా అని చేయి ముంచి చూచు అలవాటు: ఈ మూడును కలిసిన చోట ప్రాణము పోవుటకు క్షణము చాలును. ఇట్టి మరణములను పత్రికలలో చదివి, అయ్యో అని పేజీ త్రిప్పుటకు మనము అలవాటు పడితిమి.

ఖర్చును కూడ లెక్క వేయుదము. ఇరవై లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు వేడి చేయుటకు సుమారు 0.6 యూనిట్ల విద్యుత్తు పట్టును. నలుగురు మనుషులు ఉన్న గదికి దినమునకు రెండున్నర యూనిట్లు, నెలకు డెబ్బది యూనిట్లకు పైగా అగును. 2024 మార్చి నుండి మన రాష్ట్రమున అమలైన గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబములకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ 200లో మూడవ వంతుకు మించి ఈ బకెట్లే మ్రింగివేయుచున్నవి. లెక్క 200 దాటిన నెలలో బిల్లు మొత్తమును చెల్లించవలసి వచ్చును. ఇక పరరాష్ట్ర కార్మికునికి ఇచ్చటి రేషను కార్డే ఉండదు గనుక ఆ పథకము అతనికి అందనే అందదు. ఇంటి యజమాని బిగించిన సబ్‌మీటరు ప్రకారము అతడు ప్రతి యూనిట్టునకును రొక్కము చెల్లించుకొనవలసినదే.

ఇట్టి స్థితిలో తలపై ఉచితముగా కురియుచున్న ఎండ వైపు దృష్టి మరలుట సహజము. మన ప్రాంతమున చదరపు మీటరు నేలపై దినమునకు సగటున అయిదు యూనిట్లకు తక్కువ కాని సూర్యశక్తి పడుచున్నది. అనగా మంచము పరచునంత మిద్దె మీద పడు ఎండలో, పైన చెప్పిన నలుగురి స్నానమునకు కావలసిన శక్తికి రెట్టింపు పైగా ఉన్నది. దానిని నీటిలోనికి దించు ఉపాయమే మనకు కావలసినది.

ఉడుకునీళ్ళ ఏర్పాటు మన దక్కను ప్రాంతమునకు కొత్త విద్య కాదు. హమామ్ అను మాటకు అరబ్బీలో మూలార్థము వేడికి సంబంధించినదే. గోల్కొండ చెంత కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో నాటి హమామ్ కట్టడము నేటికిని నిలిచి ఉన్నది. హైదరాబాదు పాత ఇండ్లలో నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరును సైతము హమామ్ అనియే పిలిచెడివారు. నిప్పు నడుమ, నీరు చుట్టును ఉండు ఆ పాత్రలో వేడి వృథా పోదు. ఒకసారి రాజుకొన్న నిప్పుతో ఇల్లంతయు స్నానము చేసెడిది. ఆ పాత్రను చేసిన కంచరివాడు ఒక సూత్రమును ఎరిగినవాడు: వేడిని నిలువ ఉంచుటకు నీటిని మించిన పాత్ర లేదు. ఈ సూత్రమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. మేము చెప్పదలచిన దానికంతటికిని ఇదియే మూలము.

సూర్యుని వేడితో నీరు కాచు ప్రయత్నములకు సైతము చాల చరిత్ర కలదు. 1767లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త సొస్యూర్ గాజు పలకలు మూసిన పెట్టెలో ఎండ వేడిని బంధించి చూపెను. 1891లో అమెరికాలో క్లారెన్స్ కెంప్ అనునతడు సూర్యరశ్మితో నీరు కాచు పెట్టెకు పేటెంటు పొందెను. ఆ పెట్టెలో పగలు కాగిన నీరు రాత్రికి చల్లారిపోయెడిది. 1909లో విలియం బెయిలీ ఎండను గ్రహించు భాగమును, నీటిని నిలువ చేయు తొట్టిని వేరు చేసి, తొట్టికి చలి తగులకుండ కవచము తొడిగెను. తెల్లవారువరకు నీరు వెచ్చగా నిలిచినది. నేటి సోలారు హీటర్లన్నియు ఆ అమరికకు వారసులే. సైప్రస్ ద్వీపమున నేడు అత్యధిక గృహముల మిద్దెలపై ఇవి కానవచ్చును. మన దేశమున 1982లో సంప్రదాయేతర ఇంధన వనరులకు ప్రత్యేక శాఖ ఏర్పడిన పిమ్మట వీటికి ప్రోత్సాహము లభించినది. బెంగుళూరు నగరము 2007 నుండి కొత్త గృహములకు వీటిని తప్పనిసరి చేయుటతో అచ్చట మిద్దెల రూపమే మారినది. తెలుగునాట 2002లో తిరుమలలో 106 పెద్ద ప్రతిఫలక పళ్ళెములను నెలకొల్పి, ఎండ వేడితో ఆవిరి పుట్టించి, వేలాది యాత్రికులకు వంట చేయు ఏర్పాటు జరిగినది. కట్టెకును, నూనెకును బదులు ఎండ వంటశాలలో ప్రవేశింపగలదని ఆ ఏర్పాటు నిరూపించినది.

ఇచ్చట రెండు మార్గములు మన ఎదుట నిలుచుచున్నవి. మొదటిది, ఎండ వేడిని వేడిగానే గ్రహించు హీటరు. నల్లని రేకు గల కలెక్టరు గాని, గాజు గొట్టముల వరుస గాని ఈ జాతికి చెందినవి. రెండవది, ఎండ వెలుగును ముందు విద్యుత్తుగా మార్చు సోలారు పలకలు. ఆ విద్యుత్తును నీటి తొట్టిలోని హీటరు చుట్టకు పంపినచో నీరు కాగును. మంచి కలెక్టరు తనపై పడిన శక్తిలో సగమో, అంతకు పైనో నీటికి అందించును. పలక అయిదవ వంతును మాత్రమే విద్యుత్తుగా మార్చగలదు. ఒకే మిద్దె, ఒకే ఎండ, అయినను కలెక్టరు ఇచ్చు వేడి రెండున్నర రెట్లు అధికము. దినమునకు 100 లీటర్ల ఉడుకునీళ్ళకు రెండు చదరపు మీటర్ల కలెక్టరు చాలునని మన దేశపు వాడుక లెక్క. కాబట్టి ఏడాది పొడవునా దినదినము ఉడుకునీళ్ళు కావలసిన ఆసుపత్రులకు, పెద్ద వంటశాలలకు, విద్యార్థుల వసతి గృహములకు మొదటి మార్గమే ఉత్తమము. ఇందు వివాదమునకు తావులేదు.

అట్లయినచో పలకల ప్రసక్తి ఎందుకని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మేము అద్దె గదులను దృష్టిలో ఉంచుకొని సమాధానము చెప్పుచున్నాము.

మొదటి కారణము ఋతువులు. మన ప్రాంతమున ఉడుకునీళ్ళ అవసరము కార్తీకము నుండి మాఘము వరకు, అనగా సుమారు నాలుగు నెలలు తీవ్రముగా ఉండును. మిగిలిన ఎనిమిది నెలలు కలెక్టరు మిద్దె మీద పనిలేని పెద్దమనిషి వలె కూర్చుండును. మే నెలలో రేకుల గదిలో ఉడికిపోవు కార్మికునికి కావలసినది ఉడుకునీళ్ళు కాదు, ఫ్యాను గాలి. పలక శీతకాలమున నీటిని కాచును, వేసవిలో ఫ్యానును తిప్పును, ఏడాది పొడవునా దీపమును వెలిగించును. పేదవాడు కొను వస్తువు పన్నెండు నెలలు పనిచేయవలెను.

రెండవ కారణము గొట్టములు. మూడంతస్తుల మిద్దె నుండి క్రింది గదికి ఉడుకునీళ్ళు దిగవలెనన్న, గొట్టములో నిలిచిన చన్నీరు ముందుగా పారిపోవలెను. ముప్పావు అంగుళపు గొట్టము పదునైదు మీటర్ల పొడవులో నాలుగైదు లీటర్ల నీటిని పట్టును. ట్యాంకరు కొరకు ఎదురుచూచు బస్తీలో ప్రతి స్నానమునకును ఆ నీటిని కాలువ పాలు చేయుట తగదు. విద్యుత్తు తీగకు ఈ దోషము లేదు. అది ఎంత దూరమైనను చుక్క నీరు వృథా చేయక తొట్టి వద్దకు చేరును.

మూడవ కారణము నీటి గుణము. మన బోరు నీరు చాల చోట్ల కఠినమైనది. కాచిన కొలది గాజు గొట్టములలోను, సన్నని రాగి నాళములలోను సున్నపు పెచ్చు కట్టును. కొంతకాలమునకు హీటరు మూగవోవును. పలకలోనికి నీరు పోదు. పెచ్చు కట్టినను తొట్టిలోని చుట్ట ఒక్కదానికే కట్టును. దానిని ఏడాదికి ఒకసారి విప్పి శుభ్రము చేసికొనవచ్చును, లేదా మార్చుకొనవచ్చును.

నాలుగవ కారణము స్థిరత్వము లేని బ్రతుకు. అద్దెకున్నవాడు గది మారినపుడు గోడలోని గొట్టములను వెంట తీసికొని పోలేడు. రెండు పలకలను, ఒక తొట్టిని మాత్రము ఆటోలో ఎక్కించుకొనగలడు.

ఇక పలకలతో నీరు కాచుటలో జరుగు పొరపాట్లను గూర్చి హెచ్చరించుట మా విధి. కరెంటు లైనుతో సంబంధము లేని సోలారు అనగానే దుకాణదారుడు పలకలు, బ్యాటరీలు, ఇన్వర్టరు అని మూడు వస్తువులను ఏకరువు పెట్టును. ఉడుకునీళ్ళ కొరకు బ్యాటరీ కొనుట తెలివితక్కువ వ్యయము. వాడుకలోని 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండుగా ఉన్నపుడు 1.8 యూనిట్లు పట్టును. దాని ఆయుష్షు దక్కవలెనన్న సగమునకు మించి తోడరాదు. అనగా చేతికి వచ్చునది 0.9 యూనిట్టు. నలుగురి స్నానమునకు ఇట్టి బ్యాటరీలు మూడు కావలెను. అవి కొన్ని ఏండ్లకు క్షీణించును. వాటిలోని సీసము, ఆమ్లము చివరకు ఏ చెరువు గట్టుననో చేరును. కవచము తొడిగిన అరవై లీటర్ల తొట్టిలోని ఉడుకునీళ్ళు ఈ మూడు బ్యాటరీల పనిని చేయును. క్షీణించవు, విషము కక్కవు. రాగి హమామ్ చేసిన కంచరివాని సూత్రము ఇదియే కదా!

అయితే బ్యాటరీకి స్థానమే లేదా? ఉన్నది. తక్కువ విద్యుత్తుతో తిరుగు కొత్త రకపు ఫ్యానునకు ముప్పది వాట్లు చాలును. అట్టి రెండు ఫ్యాన్లు రాత్రి ఎనిమిది గంటలు తిరిగినను అర యూనిట్టు దాటదు. దానికి ఒక్క బ్యాటరీ సరిపోవును. ఆరు బకెట్ల ఉడుకునీళ్ళకు దాదాపు మూడు యూనిట్లు పట్టును. కాబట్టి గాలికి బ్యాటరీ, వేడికి నీటి తొట్టి అను పంపకమును పాటించినచో ఖర్చు తగ్గును.

రెండవ పొరపాటు ఇంటిలోని గీజరును నేరుగా పలకలకు కలుపుట. 230 వోల్టులకు తయారైన 2,000 వాట్ల గీజరు చుట్టకు నిరోధము 26 ఓములకు పైగా ఉండును. నేడు దొరకు 550 వాట్ల పలకలు రెండింటిని వరుసగా కలిపిన వచ్చునది ఎనుబది వోల్టుల చిల్లర, 13 ఆంపియర్లు. వాటికి సరిపడు నిరోధము సుమారు ఆరున్నర ఓములు. గీజరు చుట్టను తగిలించినచో పలకల శక్తిలో మూడవ వంతైనను నీటికి చేరదు. సరైన చుట్టను ఎన్నుకొన్నను అది మధ్యాహ్నపు ఎండకు మాత్రమే సరిపోవును. ఎండ సగమైనపుడు విద్యుత్ ప్రవాహము సగమగును. నిరోధము మారదు గనుక వేడి నాలుగవ వంతుకు పడిపోవును. ఎండకు తగినట్లు పలకల నుండి గరిష్ఠ శక్తిని లాగు ఎం.పి.పి.టి. నియంత్రకమును నడుమ ఉంచినచో ఈ నష్టము తప్పును. భౌతికశాస్త్ర విద్యార్థులు ఓము సూత్రమును పరీక్ష కొరకు వల్లించుటతో సరిపుచ్చక, ఈ లెక్కను స్వయముగా వేసి చూడవలెనని కోరుచున్నాము.

మూడవ పొరపాటు ప్రాణాంతకమైనది. గీజరులోని థర్మోస్టాటు ఇంటి కరెంటుకు, అనగా సెకనుకు వంద మారులు సున్నాను తాకు ఏ.సి. విద్యుత్తుకు తయారైనది. పలకల నుండి వచ్చునది నిలకడగా ప్రవహించు డి.సి. విద్యుత్తు. దానిని తెంపబోయినచో స్విచ్చి మొనల నడుమ నిప్పుసెగ ఆరక నిలుచును. మొనలు కరిగి అతుకుకొనిపోవును. అటుపై నీరు ఉడుకుటయే గాని ఆగుట ఉండదు. కాబట్టి డి.సి.కి తగిన స్విచ్చి, అదే జాతి బ్రేకరు తప్పనిసరి. తొట్టికి ఆవిరి పోవు గొట్టము ఎల్లప్పుడు తెరచి ఉండవలెను. లోహపు భాగములకు ఎర్తింగు ఉండవలెను. అన్నిటికన్న ముఖ్యముగా తీగ తొట్టి వద్ద ఆగిపోవలెను. స్నానాల గదిలోనికి నీరు మాత్రమే రావలెను. హీటరు రాడ్డు చేసిన హత్యలకు మూలము కరెంటు, తడి చేయి ఒకే బకెట్టులో కలియుటయే. ఆ కలయికను తప్పించలేని ఏర్పాటు ఎంత చవకైనదైనను మనకు వద్దు.

మేము సూచించు కొలత ఇది. నలుగురు ఉండు గదికి 550 వాట్ల పలకలు రెండు, అరవై లీటర్ల కవచపు తొట్టి ఒకటి. శీతకాలపు నిర్మలమైన ఎండలో ఈ పలకలు దినమునకు నాలుగు యూనిట్లకు తక్కువ కాకుండ ఇచ్చును. అరవై లీటర్ల నీటిని 20 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 2.8 యూనిట్లు చాలును. మిగిలినది తొట్టి కోల్పోవు వేడికిని, దీపమునకును సరిపోవును. 60 డిగ్రీల నీటిలో అంతే చన్నీరు కలిపినచో 40 డిగ్రీల స్నానపు నీరు 120 లీటర్లు, అనగా ఆరు బకెట్లు అగును. పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీటిని నిలువ చేయుటకన్న చిన్న తొట్టిలో బాగుగా కాచి కలుపుకొనుట మేలు. గోరువెచ్చగా రోజుల తరబడి నిలిచిన నీటిలో లీజియొనెల్లా వంటి సూక్ష్మజీవులు పెరుగును. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ప్రబలిన ప్రాణాంతకమైన న్యుమోనియా వలననే ఆ జీవి వైద్యులకు తెలియవచ్చినది. 60 డిగ్రీల వేడికి అది బ్రతుకజాలదు.

సంగారెడ్డి 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. పలకలను దక్షిణ దిక్కునకు ఆ అక్షాంశము కన్న కొంచెము ఎక్కువ వాలుతో నిలిపినచో శీతకాలపు వాలు ఎండ చక్కగా అందును. మన పారిశ్రామిక వాడల ధూళి వారము తిరుగక ముందే పలకలను కప్పివేయును. కాబట్టి వారమునకు ఒకసారి తడిగుడ్డతో తుడుచుట నియమముగా పెట్టుకొనవలెను. నైరుతి ఋతుపవనములు మూసివేసిన దినములలో ఈ ఏర్పాటు చాలదు. ఆ దినములకు గ్యాసు పొయ్యి ఉండనే ఉన్నది.

కొందరు ప్రాజ్ఞులు మరియొక ఆక్షేపణ చేయవచ్చును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద ఒక కిలోవాట్టునకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు కేంద్ర ప్రభుత్వము సహాయము చేయుచుండగా, లైనుతో సంబంధము లేని పలకలేల అని. సొంత ఇల్లు, సొంత మిద్దె, సొంత మీటరు గలవారికి ఆ పథకమే మంచిది. వారు దానిని వినియోగించుకొనవలెను. మిగులు విద్యుత్తు లైనులోనికి పోవును, గీజరు లైను మీద నడుచును. అయితే ఆ సహాయము లైనుతో ముడిపడిన పలకలకే గాని విడి పలకలకు లేదు. అద్దెకున్నవాడు దానికి దరఖాస్తు చేయజాలడు. సూర్యుడు అందరికిని సమముగా కాయుచున్నాడు గాని మిద్దె అందరికిని లేదు. మన ప్రాంతపు అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది.

మిద్దె యజమానిది, చలి అద్దెదారునిది. ఏర్పాటుకు వ్యయము చేయవలసినది ఒకరు, దాని వలన లాభపడువారు వేరొకరు. రాడ్డు కొనుక్కొన్న అద్దెదారుడు కరెంటు ఖర్చును తానే భరించుచుండగా యజమాని మిద్దె వైపు చూడవలసిన అగత్యము అతనికి లేదు. ఈ ముడి యంత్రముతో విడిపోదు, మనుషుల ఒప్పందముతో విడిపోవలెను. వరుస గదుల యజమానులు మిద్దె మీద పలకలకు చోటు ఇచ్చి, నీటి తొట్టిని అమర్చి, అద్దెపై న్యాయమైన స్వల్ప మొత్తమును నెలనెల స్వీకరించినచో ఉభయులకును లాభమే. పాత వైరింగు మీద నాలుగు రాడ్డులు ఒకేసారి పడు భారము తగ్గును. గదిలో ప్రమాదము జరిగి కేసుల పాలగు భయము యజమానికి తొలగును. కర్మాగారముల యాజమాన్యములు సైతము తమ కార్మికుల నివాసములను గూర్చి ఆలోచింపవలెను. షిఫ్టు దిగిన కార్మికునికి గేటు లోపలనే స్నానశాల, ఉడుకునీళ్ళు కల్పించుట అన్నిటికన్న దగ్గరి దారి.

మన కళాశాల ఈ విషయమున ఏమి చేయగలదు? కమిటీ పెద్దల ఎదుట మూడు మనవులు ఉంచుచున్నాము. మన వసతి గృహమునకు ఉడుకునీళ్ళ ఏర్పాటు తలపెట్టినపుడు బ్యాటరీల గదిని గాక, కలెక్టరు గల హీటరునే ఎన్నుకొనవలెను. అచ్చట దినదినము నీరు కావలెను, మిద్దె మనదే, గొట్టము దూరము తక్కువ. ఇది మొదటి మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాల మిద్దె మీద రెండు పలకలు, అరవై లీటర్ల తొట్టి నిలిపి, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయము అయిదు గంటల నీటి ఉష్ణోగ్రతను, పలకల విద్యుత్తును విద్యార్థుల చేత దినదినము వ్రాయించవలెను. ఇస్నాపూర్ కార్మికునికి గాని, గది యజమానికి గాని మన మాట కన్న ఆ నోటు పుస్తకము ఎక్కువ నమ్మకము కలిగించును. ఇది రెండవ మనవి. హీటరు రాడ్డు వాడుకలో పాటించవలసిన జాగ్రత్తలను, సోలారు ఉడుకునీళ్ళ లెక్కను ఒకే కాగితముపై ఉర్దూ, తెలుగు, హిందీ, ఒడియా భాషలలో అచ్చు వేయించి బస్తీలలో పంచవలెను. ఇది మూడవ మనవి. రెండు భాషల ఒడిలో పెరిగిన మన కళాశాలకు ఈ పని కష్టము కాదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనలో పలువురి తండ్రులు, అన్నలు ఈ కర్మాగారములలోనే పనిచేయుచున్నారు. మన ఇండ్లలో ఎర్తింగు ఉన్నదా, ముప్పది మిల్లీ ఆంపియర్ల లీకేజికి కరెంటును తెంపు బ్రేకరు ఉన్నదా అని ఈ వారమే చూచుకొనుట మన వంతు. పలకలు వచ్చు వరకు రాడ్డే గతియైనచో, ప్లగ్గు తీసిన పిమ్మటనే బకెట్టును తాకుడని చెల్లెలికి, తమ్మునికి, ప్రక్క గది పరదేశి కార్మికునికి చెప్పుట మన వంతు. సూర్యుడు మిద్దె వరకు వచ్చి నిలిచియున్నాడు. అచ్చటి నుండి గదిలోనికి అతనిని తీసికొని వచ్చుటకు ఒక తీగ, ఒక తొట్టి, ఒక యజమాని సమ్మతి చాలును. వాటిలో మొదటి రెండును బజారులో దొరకును. మూడవదానిని మనము అడిగి సంపాదించవలెను.